బ్యాండ్ నల్లగా వచ్చిందంటే కొలిచినట్టు కాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇది: మూడేళ్లుగా మీ వెస్టర్న్ బ్లాట్లన్నీ ఎక్స్‌రే ఫిల్మ్ మీదే తీశారు. (వెస్టర్న్ బ్లాట్ అంటే ప్రొటీన్లను జెల్‌లో విడదీసి, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదకి దించి, కావలసినదాన్ని యాంటీబాడీతో పట్టుకునే పరీక్ష. ఒక్కో శాంపిల్ నడిచే వరుస లేన్, అందులో ప్రొటీన్ కనిపించే గీత బ్యాండ్.) ఆ ఫిల్మ్‌లను ఆఫీసు స్కానర్‌లో పెట్టి స్కాన్ చేసి, ఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్‌లో బ్యాండ్లు కొలిచి, అన్ని లేన్లలో సమానంగా ఉంటుందనుకునే జీఏపీడీహెచ్ అనే ప్రొటీన్‌తో భాగించి బార్ గ్రాఫ్ వేశారు. రివ్యూయర్ ఒప్పుకోలేదు. జీఏపీడీహెచ్ బ్యాండ్లు సాచురేట్ అయ్యాయి, అంటే ఇక పెరగలేనంతగా నిండిపోయాయి, ఈ లెక్క చెల్లదు అన్నారు. ఇప్పుడు మీ గైడ్ దగ్గర గ్రాంట్ డబ్బుంది, ఇమేజర్ (బ్లాట్ వెలుగును కెమెరాతో పట్టే మెషీన్) కొందామంటున్నారు. కెమిల్యూమినెసెన్స్‌ది (రసాయన చర్యతో పుట్టే వెలుగును చూసేది) కొనాలా, ఫ్లోరెసెన్స్‌ది (వెలుగు పడితే వెలిగే రంగును చూసేది) కొనాలా, అది వస్తే పాత లైసేట్లతోనే (కణాలు పగలగొట్టి తీసిన ప్రొటీన్ ద్రావణాలతోనే) ఈ పేపర్ గట్టెక్కుతుందా అన్నది మీ టెన్షన్.

పద్నాలుగేళ్లుగా కోర్ ఫెసిలిటీలో ఇమేజర్లు చూసుకుంటున్నాను. ఫిల్మ్, పీ-32 (రేడియోధార్మిక ఫాస్ఫరస్), ఫాస్ఫర్ స్క్రీన్, సీసీడీ కెమెరా, ఇన్‌ఫ్రారెడ్ స్కానర్, అన్నీ చేతులమీదుగా వెళ్లాయి. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. రివ్యూయర్ అన్నది నిజమే. పది లక్షలు పెట్టి కొత్త మెషీన్ కొన్నా, మీరు ఇప్పుడు లోడ్ చేస్తున్నట్టే చేస్తే జీఏపీడీహెచ్ మళ్లీ అలాగే వస్తుంది. మెషీన్ ప్రొటీన్‌ను కొలవదు. మెంబ్రేన్ నుంచి వచ్చే వెలుగును లెక్కపెడుతుంది, అంతే. ఆ వెలుగుకీ ప్రొటీన్‌కీ మధ్య ఉన్న లంకె ఎక్కడ తెగుతుందో తెలుసుకోవడమే అసలు పని.

ముందు ఫిల్మ్ సంగతి. ఫిల్మ్ చెడ్డదని కాదు. బ్యాండ్ ఉందా లేదా అని చెప్పడంలో దాన్ని ఇప్పటికీ తీసిపారేయలేం. కానీ ఫిల్మ్‌లోని వెండి లవణపు రేణువు ఒక్క ఫోటాన్ పడగానే నల్లబడదు. కొద్ది వ్యవధిలో కొన్ని ఫోటాన్లు తగలాలి. మసక బ్యాండ్ నుంచి ఒక్కొక్కటిగా వచ్చే ఫోటాన్లు చాలావరకు వృథా అయిపోతాయి. అంటే మసక వెలుగు పది నిమిషాలు పడితే, దానికి పదిరెట్ల వెలుగు నిమిషం పడినంత నలుపు రాదు. ఇది కింది అంచున జరిగే నష్టం. పై అంచున ఇంకోలా ఉంటుంది: రేణువులన్నీ నల్లబడ్డాక ఇక నల్లబడటానికి ఏమీ మిగలదు. ఈ రెంటి మధ్య నమ్మదగిన కిటికీ చాలా ఇరుకు. మహా అయితే వందరెట్ల లోపు, మామూలుగా అంతకన్నా బాగా తక్కువ. దానికి తోడు ఆఫీసు స్కానర్ తనంతట తానే కాంట్రాస్ట్ సర్ది, 256 మెట్లలో జేపెగ్ చేసి ఇస్తుంది. ఇమేజ్‌జె పాపం ఏం చేస్తుంది, ఇచ్చినదాన్ని కొలుస్తుంది.

డార్క్‌రూమ్‌లో పనిచేసినవాళ్లకి తెలుసు, మనం ఫిల్మ్‌ను ఎలా ఎంచుకుంటామో. పది సెకన్లు, నిమిషం, ఐదు నిమిషాలు మూడు ఫిల్మ్‌లు తీసి, ఎర్ర బల్బు కింద ఎత్తి చూసి, ఏది 'బాగుంటే' అది దాచుకుంటాం. బాగుండటమంటే కంటికి నల్లగా, గట్టిగా కనిపించడం. కొలతకి పనికొచ్చే ఫిల్మ్ ఆ మూడింట్లో బూడిదరంగులో నీరసంగా ఉన్నది. దాన్నే చెత్తబుట్టలో వేస్తాం.

ఇక్కడ చిన్న పక్కదారి. ఇది మెషీన్‌ను ఎంచుకోవడానికి పనికొస్తుంది. 1975లో ఎడ్విన్ సదర్న్ డీఎన్‌ఏని జెల్ నుంచి మెంబ్రేన్ మీదకి దించి, రేడియోధార్మిక ప్రోబ్‌తో పట్టుకున్నాడు. ఆయన ఇంటిపేరు సదర్న్ కాబట్టి ఆర్‌ఎన్‌ఏ పద్ధతికి సరదాగా నార్తర్న్ అని పేరొచ్చింది. ప్రొటీన్ బ్లాట్‌ను 1979లో టౌబిన్ బృందం ప్రచురించింది. 1981లో సియాటిల్‌లో పనిచేస్తున్న బర్నెట్ తన పేపర్‌లో దానికి వెస్టర్న్ అని పేరు పెట్టాడు. అప్పట్లో లేబుల్ అంటే ఐసోటోపే. పీ-32 అర్ధాయువు 14.3 రోజులు, ఎస్-35ది 87 రోజులు. హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ ఆవరణలోని బ్రిట్ (అణుశక్తి శాఖ ఐసోటోపుల విభాగం) వాళ్ల జొనాకీ ల్యాబ్ పీ-32 న్యూక్లియోటైడ్‌లు తయారుచేసి పంపేది. మన రాష్ట్రాల్లో ఒక తరం పరిశోధకులు ఆ సీసం డబ్బా ఎప్పుడొస్తుందా అని క్యాలెండర్ చూసుకుంటూ ప్రయోగాలు పెట్టుకున్నవాళ్లే. క్యాసెట్‌లో ఫిల్మ్ పెట్టి, ఇంటెన్సిఫయింగ్ స్క్రీన్ వేసి, మైనస్ 70 ఫ్రీజర్‌లో రోజుల తరబడి వదిలేసేవాళ్లం. మైనస్ 70 ఎందుకంటే, పైన చెప్పిన మసక వెలుగు నష్టాన్ని చలి కొంత తగ్గిస్తుంది. అంటే ఫిల్మ్ బలహీనత అప్పటివాళ్లకీ తెలుసు.

ఫాస్ఫర్ స్క్రీన్ వచ్చాక కొలత అనే మాటకి అర్థం మారింది. బేరియం ఫ్లోరోబ్రోమైడ్‌లో కాస్త యూరోపియం కలిపిన పూత అది. రేడియేషన్ పడితే శక్తిని దాచుకుంటుంది, ఎర్ర లేజర్ తాకితే నీలి వెలుగుగా వదిలేస్తుంది. ఎంత పడిందో అంత వదులుతుంది, లక్షరెట్ల తేడా దాకా. తెల్లని వెలుగులో చెరిపేసి మళ్లీ వాడుకోవచ్చు. మీ ల్యాబ్‌లో ఎవరైనా కైనేజ్ అస్సే గానీ జెల్ షిఫ్ట్ గానీ ఇంకా పీ-32తో చేస్తుంటే ఈ స్క్రీన్‌ను చదివే టైఫూన్ లాంటి మెషీన్ గురించి ఆలోచించండి. లేకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.

ఇక మీ అసలు ప్రశ్న, కెమిల్యూమినెసెన్స్. ప్రొటీన్‌ను పట్టుకునేది ప్రైమరీ యాంటీబాడీ, ఆ ప్రైమరీని పట్టుకునేది సెకండరీ. సెకండరీ యాంటీబాడీకి తగిలించిన హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్, పెరాక్సైడ్ సాయంతో లూమినాల్‌ను ఆక్సీకరిస్తే 425 నానోమీటర్ల దగ్గర నీలి వెలుగు వస్తుంది. దీన్ని చీకటి పెట్టెలో చల్లబరిచిన కెమెరా పట్టుకుంటుంది. చల్లబరచడం దేనికంటే, వెలుగు లేకపోయినా సెన్సార్ వేడికే ఎలక్ట్రాన్లు పుడుతూ ఉంటాయి. ప్రతి ఆరేడు డిగ్రీలు తగ్గించినప్పుడల్లా ఆ ఉత్తుత్తి లెక్క దాదాపు సగమవుతుంది. పది సెకన్ల ఎక్స్‌పోజర్‌కి ఇది పెద్ద విషయం కాదు. పది నిమిషాల ఎక్స్‌పోజర్‌కి ఇదే సర్వస్వం.

16 బిట్ కెమెరా అంటే ఒక్కో పిక్సెల్ 0 నుంచి 65,535 దాకా లెక్కపెట్టగలదు. తవ్వతో బియ్యం కొలుస్తున్నాం అనుకోండి. తవ్వ నిండాక పైనుంచి జారి నేలమీద పడ్డవి ఎన్నో ఎవరికీ తెలియదు. తవ్వ మాత్రం ఒక తవ్వే అంటుంది. సాచురేషన్ అంటే అదే. చాలా సాఫ్ట్‌వేర్లు నిండిపోయిన పిక్సెళ్లను ఎర్రగానో ఇంకో రంగులోనో చూపిస్తాయి. ఆ హెచ్చరికను ఆఫ్ చేసుకుని పనిచేసేవాళ్లని చూశాను, చిత్రం అందంగా లేదని!

ఆటో ఎక్స్‌పోజర్‌ని గుడ్డిగా నమ్మకండి. అది మెంబ్రేన్ మీద అన్నిటికన్నా వెలుగున్న చోటు చూసి సమయం నిర్ణయిస్తుంది. ఆ చోటు మీ మార్కర్ లేన్ కావచ్చు, సెకండరీ గడ్డకట్టిన చుక్క కావచ్చు, మెంబ్రేన్ అంచు కావచ్చు. అప్పుడు మీకు కావలసిన బ్యాండ్ అడుగున ఎక్కడో నాలుగొందల కౌంట్ల దగ్గర నాయిస్‌తో కలిసిపోయి ఉంటుంది. కావలసిన భాగం చుట్టూ గీత గీసి, దానికే ఎక్స్‌పోజర్ లెక్కగట్టమని చెప్పండి. ఇంకా మంచిది, ఐదు, పది, ముప్పై, అరవై సెకన్లు అని వరుసగా తీయడం.

బిన్నింగ్ గురించి ఒక్క మాట. రెండు బై రెండు అంటే నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి. వెలుగు నాలుగురెట్లు, స్పష్టత అడ్డంగా నిలువుగా సగం. మసక బ్లాట్‌కి వరం. దగ్గరదగ్గరగా రెండు బ్యాండ్లు ఉంటే శాపం.

ఇప్పటిదాకా చెప్పింది కెమెరా సాచురేషన్. ఇంతకన్నా మోసకారి ఇంకొకటుంది, దాన్ని ఏ కెమెరా హెచ్చరికా పట్టుకోదు. బ్యాండ్‌లో హెచ్‌ఆర్‌పీ మరీ ఎక్కువైతే అక్కడున్న సబ్‌స్ట్రేట్‌ను, అంటే లూమినాల్ ద్రావణాన్ని, నిమిషాల్లో తినేస్తుంది. ఎంజైమ్ కూడా ఆ మంటలో తనే కాలిపోతుంది. ఫలితంగా ఎక్కువ ప్రొటీన్ ఉన్న బ్యాండ్ నుంచి తక్కువ వెలుగు వస్తుంది. కెమెరా మాత్రం 'నేనింకా నిండలేదు, అంతా బాగుంది' అంటుంది. మెంబ్రేన్‌ను పెట్టెలోంచి తీసి ట్యూబ్‌లైట్ కింద చూడండి. అదే చోట గోధుమరంగు గీత కంటికే కనిపిస్తుంటే, చిత్రంలో బ్యాండ్ మధ్య తెల్లగా డొల్లగా, అంచులు మాత్రమే నల్లగా ఉంటే, అది కాలిపోయిన బ్యాండ్. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే అది బాగుపడదు. యాంటీబాడీ తగ్గించాలి. అన్నిటికన్నా సెన్సిటివ్ సబ్‌స్ట్రేట్ కొని, సెకండరీ మాత్రం పాత అలవాటు ప్రకారం 1:2,000లో వేసేవాళ్లే ఎక్కువగా ఈ గోతిలో పడతారు. అలాంటి సబ్‌స్ట్రేట్‌కి 1:20,000 కూడా ఎక్కువే కావచ్చు.

దీన్ని పట్టుకోవడానికి రెండు చిన్న పరీక్షలు. ఒకటి: వరుస ఎక్స్‌పోజర్లలో రెండు లేన్ల నిష్పత్తి చూడండి. పది సెకన్ల దగ్గర మూడుకి ఒకటి ఉన్నది అరవై సెకన్ల దగ్గరా మూడుకి ఒకటే ఉండాలి. ఐదు నిమిషాల దగ్గర రెండుకి ఒకటి అయిందంటే పెద్ద బ్యాండ్ కెమెరాలో నిండిపోయింది. రెండు: సబ్‌స్ట్రేట్ వేసిన మూడో నిమిషంలో ఒకటి, ఇరవయ్యో నిమిషంలో అదే ఎక్స్‌పోజర్‌తో ఇంకొకటి తీయండి. మొత్తం వెలుగు తగ్గొచ్చు, ఫర్వాలేదు. నిష్పత్తి మారిందంటే మాత్రం కెమిస్ట్రీ దెబ్బతింది.

సబ్‌స్ట్రేట్ వేసే తీరు కూడా చూసుకోండి. మెంబ్రేన్ మీద మిల్లీలీటరు చుక్కలుగా పోసి, అటూ ఇటూ వంచి, వెంటనే పెట్టెలో పెట్టేస్తే ఒకపక్క సబ్‌స్ట్రేట్ మడుగు కడుతుంది, ఇంకోపక్క ఆరిపోతుంది. నేను పిల్లలకి చెప్పేది: నిమిషం నుంచి ఐదు నిమిషాలు, కిట్ కాగితంలో ఎంత రాస్తే అంతసేపు, పూర్తిగా మునగనివ్వండి. ఫోర్సెప్స్‌తో ఒక మూల పట్టి నిలువుగా ఎత్తి, కింది మూలను టిష్యూకి తాకించి నీరు దించండి. పారదర్శక షీట్ల మధ్య పెట్టి, గాలి బుడగలు లేకుండా వేలితో మధ్య నుంచి అంచులకి నెట్టండి. బుడగ ఉన్నచోట గుండ్రటి తెల్ల మచ్చ వస్తుంది. అది ఎప్పుడూ మీ ముఖ్యమైన బ్యాండ్ మీదే వస్తుంది, ఎందుకో తెలియదు. ఇంకోటి, యాంటీబాడీ చెడకుండా సోడియం అజైడ్ కలిపి దాచుకునే అలవాటుంటే, హెచ్‌ఆర్‌పీ తగిలించిన సెకండరీలో మాత్రం వేయకండి. ఎంజైమ్ పనిచేయదు. దీనికో వారం పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ల్యాబ్‌లోనూ ఒకరుంటారు.

ఇప్పుడు మీ జీఏపీడీహెచ్ దగ్గరికి. దీనికి ఒక బ్లాట్ చాలు, కొత్త మెషీన్ అక్కర్లేదు. కంట్రోల్ లైసేట్ ఒకటి తీసుకోండి. 40, 20, 10, 5, 2.5 మైక్రోగ్రాములు ఐదు లేన్లలో లోడ్ చేయండి. మీరు కొలవబోయే ప్రొటీన్‌కీ, జీఏపీడీహెచ్‌కీ రెంటికీ ప్రోబ్ చేయండి, అంటే వాటి యాంటీబాడీలు వేయండి. ఫలితం ఇలా ఉందనుకోండి, లెక్క తేలిగ్గా ఉండేలా చిన్న అంకెల్లో చెబుతున్నా. మీ ప్రొటీన్ 40 దగ్గర 7.9, 20 దగ్గర 4.1, 10 దగ్గర 2, 5 దగ్గర 0.9, 2.5 దగ్గర ఏమీ లేదు. శుభ్రంగా సగం సగం అవుతోంది. జీఏపీడీహెచ్ మాత్రం 61, 58, 49, 31, 16. కింది రెండు లేన్లలో తప్ప ఎక్కడా సగం కావడం లేదు.

ఇప్పుడు ఒక పొరపాటు ఊహించండి. ఒకే లైసేట్‌ను మీరు ఒక లేన్‌లో 20, ఇంకో లేన్‌లో చేతి పొరపాటున 40 మైక్రోగ్రాములు వేశారు. నిజానికి ఏ తేడా లేదు. మీ ప్రొటీన్ 4.1 నుంచి 7.9 అయింది. జీఏపీడీహెచ్ 58 నుంచి 61 అయింది, కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. భాగించండి: దాదాపు 1.8 రెట్లు 'పెరిగింది'. మీ పేపర్‌లోని రెండో చిత్రంలో చూపించిన పెరుగుదల కూడా దాదాపు ఇంతే అని మీరే రాశారు. అది లోడింగ్ పొరపాటే అని నేననడం లేదు. కాదని ఆ జీఏపీడీహెచ్ చెప్పలేదు అంటున్నాను. అన్ని లేన్లలో ఒకేలా ఉన్న లోడింగ్ కంట్రోల్‌ను చూసి మురిసిపోతాం కానీ, సాచురేట్ అయిన బ్యాండ్లు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి.

మార్గాలేమిటి? జీఏపీడీహెచ్ యాంటీబాడీని పల్చన చేయొచ్చు, అది కొంతవరకే. లోడ్ తగ్గిస్తే మీ ప్రొటీన్ మాయమవుతుంది. పైగా జీఏపీడీహెచ్ కూడా మారని ప్రొటీన్ కాదు. గ్లైకాలిసిస్ ఎంజైమ్ అది, కణానికి ఆక్సిజన్ తగ్గితే పెరుగుతుంది. మీ ప్రయోగంలో హైపాక్సియా ఉందన్నారు కదా, ఆ ఒక్క కారణం చాలు దాన్ని వదిలేయడానికి. నా సలహా: లేన్ మొత్తం ప్రొటీన్‌తో భాగించండి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక, బ్లాకింగ్‌కి ముందు, పాన్సో ఎస్ అనే ఎర్ర రంగు ఐదు నిమిషాలు వేసి, నీళ్లతో కడిగి ఫోటో తీసి, తర్వాత రంగు వదిలించండి. ఖర్చు దాదాపు సున్నా. ట్రాన్స్‌ఫర్‌లో బుడగ పడిందా, లేన్ వంకరపోయిందా అన్నదీ అక్కడే బయటపడుతుంది. డబ్బుంటే బయో-రాడ్ స్టెయిన్-ఫ్రీ జెల్స్ ఉన్నాయి. జెల్‌లోని పదార్థం యూవీ తగిలాక ట్రిప్టోఫాన్‌కి అతుక్కుని వెలుగుతుంది, రంగు వేసే పనే లేదు. జర్నల్ ఆఫ్ బయోలాజికల్ కెమిస్ట్రీ కూడా రచయితలకి ఇచ్చే సూచనల్లో జీఏపీడీహెచ్ లాంటి హౌస్‌కీపింగ్ ప్రొటీన్ కన్నా మొత్తం ప్రొటీన్ మరకకే మొగ్గు చూపుతుంది. రివ్యూయర్‌కి ఇది చెప్పడానికి మొహమాటపడక్కర్లేదు.

ఫ్లోరెసెన్స్ మాటేమిటి? కొలతే ముఖ్యమైతే నా ఓటు దానికే. ఎంజైమ్ లేదు కాబట్టి సబ్‌స్ట్రేట్ అయిపోవడం, కాలిపోవడం ఉండవు. యాంటీబాడీకి తగిలించిన రంగు అణువులు ఎన్ని ఉంటే అంత వెలుగు. ఇవాళ స్కాన్ చేసినా, ఆరబెట్టి చీకట్లో దాచి వచ్చేవారం స్కాన్ చేసినా దాదాపు అదే వస్తుంది. అన్నిటికన్నా గొప్ప సుఖం రెండు రంగులు. ఫాస్ఫో ప్రొటీన్‌కి (ఫాస్ఫేట్ తగిలిన రూపానికి) కుందేలు యాంటీబాడీ, మొత్తం ప్రొటీన్‌కి ఎలుక యాంటీబాడీ వేసి, ఒకటి 700 నానోమీటర్ల చానెల్‌లో, ఇంకొకటి 800 చానెల్‌లో ఒకే బ్యాండ్ మీద ఒకేసారి చదవొచ్చు. స్ట్రిప్ చేసి, అంటే పాత యాంటీబాడీని కడిగేసి, మళ్లీ ప్రోబ్ చేయడం అనే నరకం ఉండదు. స్ట్రిప్పింగ్‌లో ఎంత ప్రొటీన్ కొట్టుకుపోయిందో ఎవరూ కొలవరు, అందరూ ఏమీ పోలేదనే అనుకుంటారు.

ఒడిస్సీ లాంటి స్కానర్లు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ దగ్గర ఎందుకు పనిచేస్తాయంటే, మెంబ్రేన్ తనంతట తాను వెలిగే జబ్బు అక్కడ తక్కువ. మామూలు పీవీడీఎఫ్ మెంబ్రేన్‌ను కనిపించే రంగుల్లో చూస్తే వెన్నెల్లో పరిచిన దుప్పటిలా ఉంటుంది. కాబట్టి నైట్రోసెల్యులోజ్ గానీ, తక్కువ ఫ్లోరెసెన్స్ అని రాసి ఉన్న పీవీడీఎఫ్ గానీ వాడాలి. మెంబ్రేన్ మీద గుర్తులు పెన్నుతో పెట్టకండి. నీలి ఇంకు 700 చానెల్‌లో దీపంలా వెలుగుతుంది, బఫర్‌లో కరిగి మెంబ్రేన్ అంతా పాకుతుంది. పెన్సిల్ వాడండి. లోడింగ్ డైలోని బ్రోమోఫినాల్ బ్లూ కూడా అక్కడే వెలుగుతుంది, డై ఫ్రంట్‌ను జెల్ దాటించేయండి లేదా కోసేయండి. కూమాసీ అనే ప్రొటీన్ రంగు కూడా అంతే, దాని మరక ఉన్న డబ్బాలో బ్లాట్ నానబెట్టకండి. మా దగ్గర ఫ్లోరెసెన్స్ బ్లాట్ డబ్బాల మూతల మీద మార్కర్‌తో పెద్దగా రాసి ఉంటుంది, 'కూమాసీ వాళ్లు ముట్టుకోవద్దు' అని.

లోపాలూ ఉన్నాయి. రంగు తగిలించిన సెకండరీలు ఖరీదు. చాలా తక్కువ ఉన్న ప్రొటీన్ విషయంలో మంచి కెమిల్యూమినెసెన్స్ సబ్‌స్ట్రేట్ చూపించేది ఇది చూపించకపోవచ్చు. రెండు రంగులు కావాలంటే రెండు వేరు జంతువుల ప్రైమరీలు ఉండాలి. మీ ఫ్రీజర్‌లో ఉన్నవన్నీ కుందేలువే అయితే రెండు రంగుల సుఖం కాగితం మీదే. కొనేముందు ఫ్రీజర్ జాబితా ముందేసుకుని కూర్చోండి.

మీరు చెప్పినదాన్ని బట్టి, మీ ప్రొటీన్లలో రెండు బాగా కనిపించేవి, ఒకటి మసకది. ల్యాబ్‌లో ఇంకా నలుగురు ఈసీఎల్‌తోనే (కెమిల్యూమినెసెన్స్ పద్ధతితోనే) పనిచేస్తున్నారు. కాబట్టి రెండూ చేయగల కెమెరా ఇమేజర్, అంటే కెమిల్యూమినెసెన్స్‌తో పాటు కనీసం రెండు ఫ్లోరెసెన్స్ చానెళ్లు ఉన్నది చూడండి. బడ్జెట్ చాలకపోతే కెమిల్యూమినెసెన్స్ ఒక్కటే ఉన్న మంచి కెమెరా చాలు. చవక కెమెరాకి నాలుగు చానెళ్లు తగిలించింది మాత్రం వద్దు.

టెండర్ కాగితంలో అందరూ మెగాపిక్సెళ్లు రాస్తారు. బ్యాండ్ కొలతకి దాంతో పెద్దగా పనిలేదు. సెన్సార్ ఎంత చల్లబడుతుంది, మన ఊళ్లో మే నెలలో ఏసీ ఆగిన గదిలో ఎంత చల్లబడుతుంది, లెన్స్ ఎంత వెలుగు రానిస్తుంది, ముడి 16 బిట్ టిఫ్ ఫైలు బయటికి ఇస్తుందా, సాఫ్ట్‌వేర్ ఇంకో కంప్యూటర్లో పెట్టుకోనిస్తారా, ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ ఖర్చు) ఎంత, ఇవి అడగండి. డెమోకి వచ్చేవాళ్లు తమ బ్లాట్ తెస్తారు, అది ఎప్పుడూ అద్భుతంగానే ఉంటుంది. మీ మసక ప్రొటీన్ బ్లాట్, పైన చెప్పిన ఐదు లేన్లది, మీరే తయారుగా పెట్టుకుని దాన్నే తీయమనండి.

చల్లదనం గురించి నొక్కి చెప్పడానికి కారణముంది. నేను ముందు పనిచేసిన ఒక ల్యాబ్ సముద్రానికి దగ్గర. రాత్రుళ్లు ఏసీ ఆపేసేవాళ్లు. వానాకాలం మొదలైన వారం, ఉదయం తీసిన ప్రతి బ్లాట్‌లోనూ సరిగ్గా మధ్యలో అరచేతి వెడల్పున మసక, అక్కడి బ్యాండ్లు పక్కవాటికన్నా తక్కువ. మధ్యాహ్నానికి మాయం. ట్రాన్స్‌ఫర్ బాగాలేదని ఒక అమ్మాయిని అందరం విసిగించాం. చివరికి ఖాళీ ట్రేలో తెల్ల కాగితం పెట్టి తీస్తే అదే మచ్చ. చల్లటి కెమెరా కిటికీ అద్దం మీద తేమ పట్టింది. అప్పటినుంచీ సోమవారం పొద్దున మొదటి పని, ఖాళీ చిత్రం ఒకటి తీసి తేదీతో దాచడం. యూపీఎస్ కూడా మర్చిపోకండి, ఎక్స్‌పోజర్ మధ్యలో కరెంటు పోతే సబ్‌స్ట్రేట్ మీకోసం ఆగదు.

కొలిచేటప్పుడు: ముడి ఫైలు మీదే కొలవండి, పవర్‌పాయింట్‌లో అతికించిన బొమ్మ మీద కాదు. స్క్రీన్ మీద కనిపించడం కోసం బ్రైట్‌నెస్ మార్చుకోవచ్చు. చిత్రం మొత్తానికి ఒకేలా మార్చాలి, ముడి అంకెలు ముట్టుకోకూడదు. బ్యాక్‌గ్రౌండ్ ప్రతి బ్యాండ్‌కీ దాని పైనా కిందా ఉన్న చోటు నుంచి తీయండి, పేజీ మూలన శుభ్రంగా ఉన్న చోటు నుంచి కాదు. ప్రతి బ్లాట్‌లోనూ ఒకే ఉమ్మడి శాంపిల్ ఒక లేన్‌లో వేయండి, లేకపోతే ఒక రోజు బ్లాట్‌ను ఇంకో రోజు బ్లాట్‌తో పోల్చలేరు. ఒకే లైసేట్‌ను మూడుసార్లు రన్ చేస్తే ఎన్ (విడివిడి శాంపిళ్ల సంఖ్య) మూడు కాదు, ఒకటే. ఇదంతా చేసినా ఇరవై శాతం తేడాను వెస్టర్న్ బ్లాట్‌తో నిరూపించానంటే నేను నమ్మను.

లేన్లు కోసి పక్కపక్కన అతికిస్తే మధ్యలో గీత పెట్టి, లెజెండ్‌లో రాయండి. దీన్ని చాదస్తం అనుకోవద్దు. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 2016లో ప్రచురించిన పరిశీలనలో 20,621 పేపర్లు చూస్తే 3.8 శాతంలో అనుమానించదగ్గ చిత్రాల పునరావృతం కనిపించింది. అందులో కొన్ని కేవలం ఫైళ్లు తారుమారైనవి. ఫోల్డర్‌లో 'ఫైనల్', 'ఫైనల్2', 'కొత్త ఫైనల్' అని పేర్లు పెట్టుకునేవాళ్లం మనమే కదా.

ఇక రివ్యూయర్‌కి ఏం చెప్పాలి. ఇమేజర్ రావడానికి టెండర్, బిల్లు, ఇన్‌స్టలేషన్ కలిపి నెలలు పడుతుంది, రివిజన్ గడువు అంతసేపు ఆగదు. పక్క డిపార్ట్‌మెంట్‌లోనో దగ్గర్లోని యూనివర్సిటీలోనో ఇమేజర్ ఉంటుంది, గంటకింత అని ఛార్జి ఇచ్చి వాడుకోండి. మైనస్ 80లో తొలిసారి అలిక్వాట్ చేసినప్పటి (చిన్న ట్యూబుల్లో పంచి దాచినప్పటి) లైసేట్లు ఉంటే వాటితో పైన చెప్పిన ఐదు లేన్ల డైల్యూషన్ బ్లాట్ ఒకటి, పాన్సోతో కలిపి అసలు బ్లాట్లు మూడు. రెండు వారాల పని. కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ట్యూబులే మిగిలితే, మొత్తం ప్రొటీన్ బ్యాండ్లకి వాడుకోండి గానీ ఫాస్ఫో బ్యాండ్‌కి వద్దు, కణాలు మళ్లీ పెంచాల్సిందే. ఏదీ కుదరకపోతే బార్ గ్రాఫ్ తీసేసి, పూర్తి ఫిల్మ్‌లు సప్లిమెంట్‌లో పెట్టి, పెరుగుదల కనిపిస్తోంది అని మాత్రం రాయండి. ఎన్ని రెట్లో రాయకండి.

డైల్యూషన్ బ్లాట్ తీశాక ఇక్కడే పెట్టండి, చూస్తాను. ముడి టిఫ్ ఫైలు పెట్టండి. ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసి పెడితే మళ్లీ మొదటికొస్తాం.